బండి ఆగిపోయిందా అండీ?

నలభై నిమిషాలు నడవమన్నారు సుహాసిని డాక్టరు గారు,
చీటీలో మందుల కింద
అదీ ఒక మాత్రలా రాసి, కింద గీత గీసి.
నలభై నిమిషాలు!
చిన్నోడి పాలగ్లాసు అడుగున మిగిలే నురగంత టైమైనా
నాకు మిగలదని ఆవిడకెలా చెప్పను?

పొద్దున్నే నడుద్దామంటే
నాలుగున్నరకి చెరువు మీంచి వస్తారు మా ఆయన.
ఏరియేటర్ ఆగిన రాత్రి రొయ్యలతోపాటు ఆయనకీ ఊపిరాడదు.
తండ్రి కళ్ళలోకి నిద్ర దిగడం, కొడుకు కళ్ళలోంచి లేవడం
మా ఇంట్లో ఒకే నిమిషంలో జరుగుతాయి.
తర్వాత కుక్కరు, బాక్సులు,
ఒక సాక్సు దొరికితే రెండోది దొరకదు.
ఏడూ ఇరవైకి స్కూలు బస్సు
గట్టు మలుపులో నిలబడి హారను కొడుతుంది, అప్పులవాడిలా.
పగలంతా సొసైటీలో గోనెసంచుల లెక్క.
ఓ రాత్రి పదింటికి ఫోన్లో యోగా పెట్టుకుని
చాప మీద వెల్లకిలా పడుకున్నాను.
మొదటి ఆసనం అదేనన్నారు.
తెల్లారిపోయింది.

మంగళ, గురు, శనివారాలు
పాలకొల్లులో మా జోషితకి అబాకస్.
ఐదున్నర నుంచి ఆరున్నర.
అమ్మలందరం బండ్ల మీదే కూర్చుని ఫోన్లు చూసుకుంటాం.
నేనూ చూశాను, ఆర్నెల్లు.
ఓ గురువారం, ఎందుకో తెలీదు, కాలువ గట్టెక్కేశాను.

కుచ్చిళ్ళు ఎత్తి దోపి, భుజాన హ్యాండుబ్యాగు,
చేతిలో హెల్మెట్ –
బండి మీద వదిలేస్తే పోయినేడాది ఒకటి పోయింది –
హెల్మెట్లో అరకిలో దొండకాయలు.

రెండొందల గజాలు నడిచానో లేదో
కొబ్బరి డొక్కల ట్రాలీ ఆపాడొకాయన.
"బండి ఆగిపోయిందా అండీ?"
"లేదండీ, నడుస్తున్నాను."
"అదేనండీ, ఎందుకూ అని?"

లాకుల దగ్గర ఇంకొకాయన
పెట్రోలు సీసాతో సహా దిగిపోయాడు.
రేవులో గిన్నెలు తోమే ఆవిడ
మొగుడితో గొడవా అని కళ్ళతోనే అడిగింది.
ఇక ఐసుబండి మావుళ్ళు రోజూ అదే పాట:
"ఎక్కండి మేడం, దింపేస్తానండీ. ఆయ్,
ఐసు మీద గోనె వేస్తాను, చల్లగా ఉంటది."
మా వైపు హెల్మెట్ పట్టుకుని నడిచే మనిషంటే
ఆపదలో ఉన్న మనిషే.
ఒంటికి మంచిదనండీ, ఒంటికి మంచిదనండీ
అని చెప్పలేకే ఆయాసమొచ్చేది.

ఏప్రిల్లో కాలువ కట్టేశారు.
బురదలో ఒక సైకిలు రిమ్ము, ఎవరివో జత కాని చెప్పులు.
మళ్ళీ నీళ్ళు వదిలేసరికి
గుర్రపుడెక్క నాకంటే ముందు నడుస్తోంది.
మధ్యలో చిన్నోడి జ్వరంతో రెండు వారాలు పోయాయి,
ఆడిటుతో మూడు.
అయినా ఎక్కాను.

మొన్న శనివారం
నిజంగానే ఆగిపోయింది బండి.
పెట్రోలు చుక్క లేదు, పడమట మబ్బు.
జోషితని సీటు మీద కూర్చోబెట్టి గట్టు మీద తోస్తున్నాను.
ట్రాలీ ఆయన పక్కనుంచే వెళ్తూ
"ఇయ్యాళ బరువుతోనా అండీ! బాగుందండీ!"
లాకుల ఆయన సీసా చంకలో పెట్టుకునే చెయ్యి ఊపాడు.
మావుళ్ళు బెల్లు కొట్టాడు: "కానివ్వండి మేడం!"
ఒక్కరంటే ఒక్కరు ఆగలేదు.

సీటు మీంచి అది, గాల్లో లేని పూసలు జరుపుతూ
నా అడుగులు లెక్కపెడుతోంది.
వెయ్యి దాటాక నవ్వొచ్చి తప్పిపోయింది,
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది.
చినుకులు పడ్డాయి. దొండకాయలు తడిశాయి.

ఒకటిన్నర కిలోమీటరు. బంకు.
కొత్త కుర్రాడు, నన్నెరగడు.
నా చీర అంచు బురద చూసి, బండిని చూసి, జాలిగా
"ఆగిపోయిందా అండీ?"

"అవును బాబూ," అన్నాను.
"బండే ఆగిపోయింది.
వంద రూపాయలకి కొట్టు."